తప్పు తుపాకీదా, తూటాదా, నాదా?

హైదరాబాద్ నుంచి పాతికేళ్ల యువతి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో మొదటిసారి పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నారు. ఉద్యోగం వచ్చాక లైసెన్సు తెచ్చుకుని, ఒక సీనియర్ షూటర్ వాడిన అన్షుట్జ్ కంపెనీ రైఫిల్ కొన్నారు. 64 యాక్షన్ రకం (యాక్షన్ అంటే తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం), వయసు ఇరవై ఏళ్ల పైమాటే. యాభై మీటర్ల ప్రోన్ పోటీలో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలో, అరవై తూటాలకు ఆమె స్కోరు 598 దగ్గర రెండేళ్లుగా కదలడం లేదు. ఒకే ఒక్కసారి 604 వచ్చింది. తనతో పాటు మొదలుపెట్టినవాళ్లు 612 దాటేశారు. తప్పిపోయిన గుళ్లు ఎక్కువగా పైకో కిందికో పోతున్నాయి. ఊపిరి బిగబట్టడం సరిగా రాలేదని కోచ్ అంటున్నారు. తుపాకీ ముసలిదైపోయిందని నాన్న అంటున్నారు. గగన్ నారంగ్‌కు రైఫిల్ కొనడానికి వాళ్ల కుటుంబం స్థలం అమ్ముకుందని ఎప్పుడో పేపర్లో చదివారట. ఇప్పుడు తానూ ఊళ్లో ఉన్న రెండు వందల గజాల స్థలం అమ్మి కొత్త రైఫిల్ కొనిస్తానంటున్నారు. ఆ స్థలం చెల్లెలి పెళ్లికని అనుకున్నది కదా అని అన్నయ్య మాట్లాడడం మానేశారు.

చివరి పేజీలో అసలు సంగతి ఉంది. రెండు నెలల క్రితం షూటింగ్ రేంజ్‌లో ఒక సీనియర్ ఆమె రైఫిల్ తీసుకుని, తన తూటాలు పది వేసి కాల్చారు. పదీ పదిలోనే పడ్డాయి. “ఆ కాగితం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. తప్పు తుపాకీది కాదు, నాదేనని ఆ రోజే తెలిసిపోయింది. నాన్న స్థలం బేరం పెడుతుంటే నోరు విప్పలేకపోతున్నాను. మానేయమంటారా?” అని అడిగారు.

అమ్మా,

మీరు సిగ్గుపడుతూ చివరి పేజీలో దాచిన ఆ కాగితమే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. దాన్ని మీరు తప్పుగా చదివారు.

ఆ రోజు మారినవి రెండు. కాల్చిన మనిషి మారారు, తూటాలూ మారాయి. రెండూ ఒకేసారి మారినప్పుడు ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మీరు మాత్రం నేరమంతా మీ మీదే వేసుకున్నారు. ఆ కాగితం రుజువు చేసేది ఒక్కటే: మీ బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, చెడిపోలేదు. చెడిపోయిన బ్యారెల్‌తో ఎంతటివారు కాల్చినా పదికి పది పడవు. ఒక్క గ్రూపు, అంటే వరసగా కాల్చిన గుళ్ల గుంపు ఒక్కటే, చూసి తుది తీర్పు ఇవ్వకూడదన్నది నిజమే. కానీ నాన్నగారి వాదన ఆ ఒక్క కాగితంతోనే సగం బలం కోల్పోతుంది. మీ మీద మోపిన నేరం మాత్రం ఇంకా రుజువు కాలేదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. యాభై మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, గుండు వ్యాసం 5.6. గుండు అంచు గీతను తాకినా లెక్కే కాబట్టి, దాని మధ్యభాగం కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్లలోపు పడితే పది వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోయేకొద్దీ ప్రతి 0.8 మిల్లీమీటరుకు దశాంశం ఒకటి, అంటే 0.1 పాయింటు, పెరుగుతుంది. మీ 598కీ వాళ్ల 612కీ మధ్య తేడా 14 పాయింట్లు. అరవై తూటాలకు పంచితే ఒక్కోదానికి 0.23. అంటే మీ గుళ్లు సగటున కేంద్రానికి రెండు మిల్లీమీటర్లు కూడా దగ్గరగా జరగనక్కర్లేదు, మీరూ వాళ్ల వరుసలో ఉంటారు. మీరు ‘నాకు చేతకాదు’ అనుకుంటున్న దూరం ఒక బియ్యపు గింజ మందం.

ఆ గింజ మందాన్ని తూటా ఒక్కటే మింగేయగలదు. ఎలాగో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో తూటాల గురించి ఒకే వాక్యం ఉంది: “అసోసియేషన్‌కు ఏది వస్తే అది తీసుకుంటాను.”

పెద్ద క్యాలిబర్ తూటాలకు అడుగున మధ్యలో విడిగా ప్రైమర్, అంటే మంట రాజేసే చిన్న భాగం, ఉంటుంది. పాయింట్ టూ టూ అలా కాదు. దాని అడుగు అంచు బోలుగా మడిచి ఉంటుంది. తడిగా ఉన్న ప్రైమింగ్ మందును కొద్దిగా వేసి గిర్రున తిప్పితే అది ఆ మడతలోకి పోయి చుట్టూ అంటుకుంటుంది. రిమ్‌ఫైర్ అన్న పేరు అందుకే. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే మంట పుడుతుంది. మందు చుట్టూ సమంగా పరుచుకుందా, అంచు మందం ఒకేలా ఉందా అన్నదాన్ని బట్టి ప్రతి తూటా రవ్వంత తేడాతో అంటుకుంటుంది, రవ్వంత తేడా వేగంతో గుండును తోస్తుంది. పెద్ద తూటాలను వాడేవాళ్లు ఖాళీ తొడుగులను మళ్లీ నింపుకుని తమ రైఫిల్‌కు తగ్గట్టు సరిచేసుకుంటారు. మనకు ఆ వెసులుబాటు లేదు. కర్మాగారం ఇచ్చినదే ప్రసాదం.

ఇప్పుడు వేగం తేడా ఏం చేస్తుందో చూడండి. టార్గెట్ తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. యాభై మీటర్లు దాటేలోపు భూమి దాన్ని పన్నెండు సెంటీమీటర్లకు పైగా కిందికి లాగుతుంది. మీరు గురి చూసే సైట్ ఆ పతనాన్ని ముందే లెక్కలో వేసుకుంటుంది. కానీ ఒక తూటా సెకనుకు పది మీటర్లు నెమ్మదిగా వెళ్లిందనుకోండి, అది ఏడెనిమిది మిల్లీమీటర్లు దిగువన పడుతుంది. మీ ఊపిరి, వేలు, చూపు అన్నీ సవ్యంగా ఉన్నా పది వలయం అంచున ఆగుతుంది. ఎక్కడ పడుతుంది? కింద. వేగంగా వెళ్లినది ఎక్కడ? పైన. మీ ఉత్తరం మొదటి పేజీలో మీరు రాసింది సరిగ్గా ఇదే.

మీ కోచ్ చెప్పినదీ కొట్టిపారేయలేం. ఊపిరి తప్పినా గుళ్లు నిలువుగానే చెదురుతాయి. లక్షణం ఒకటే, కారణాలు రెండు. ఏది మీదో తేల్చడానికి దారి ఉంది, దానికి వస్తాను.

ఈలోగా లాట్ సంగతి. లాట్ అంటే ఒకే విడతలో తయారైన తూటాలు. డబ్బా మీద కంపెనీ పేరు, రకం పేరుతో పాటు ఒక లాట్ నంబరు ముద్రించి ఉంటుంది. చాలామంది దాన్ని చూడను కూడా చూడరు. ఒకే పేరున్న రెండు డబ్బాలు వేర్వేరు లాట్లవైతే మీ రైఫిల్ దృష్టిలో అవి రెండు వేర్వేరు తూటాలు. ఎస్‌కే, లాపువా, ఈలీ, ఆర్‌డబ్ల్యూఎస్, ఎవరిదైనా ఇంతే. ఈలీవాళ్లయితే కొన్ని రకాల డబ్బాల మీద ఆ లాట్ సగటు వేగం కూడా వేస్తారు. పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ను కంపెనీ పరీక్షా కేంద్రానికి తీసుకుపోయి, బిగించి, లాట్ తరవాత లాట్ కాల్చి చూసి, నప్పిన లాట్‌ను సీజనంతటికీ కొనుక్కుంటారు. ఏది వస్తే అది తీసుకునే మీరు ప్రతి రెండు నెలలకూ తెలియకుండానే తుపాకీ మార్చుకున్నట్టు లెక్క. రెండేళ్లుగా స్కోరు కదలకపోవడంలో నాకు వింతేమీ కనిపించడం లేదు. అంత గందరగోళంలో 598 నిలబెట్టుకోవడమే వింత.

ఖరీదైనదే మంచిదనుకుంటారేమో, ఆగండి. ఒకప్పుడు నేను జీతంలో పెద్ద ముక్క పెట్టి, అందరూ కళ్లకద్దుకునే రకం ఒకటి కొన్నాను. నా రైఫిల్‌కు అది నచ్చలేదు. దాని ధరలో సగం కూడా లేని మధ్యరకం తూటాతో గ్రూపు బిగుతుగా వచ్చేది. నెల రోజులు నమ్మలేక, డబ్బు పెట్టాను కాబట్టి అదే కాలుస్తూ ఒక పోటీ పాడుచేసుకున్నాను. ధర పెరిగితే మంచి లాట్ దొరికే అవకాశం పెరుగుతుంది, అంతవరకే. బ్యారెల్‌కు ధర చదవడం రాదు.

ఒక చోట మాత్రం ఖచ్చితంగా చెబుతాను. ‘హై వెలాసిటీ’ అని రాసి ఉన్నవి చవకగా దొరికినా సరే, పోటీకి వాటిని మరిచిపోండి. అవి ధ్వని వేగాన్ని మించి బయల్దేరి, దారిలో ఆ గీత దిగువకు పడిపోతాయి. ఆ దాటే ఘట్టంలో గుండు కుదుపుకు లోనవుతుంది. పైగా పక్కగాలికి అవి నెమ్మదైన టార్గెట్ తూటా కన్నా ఎక్కువ కొట్టుకుపోతాయి. వేగంగా పోయేది గాలికి తక్కువ లొంగాలి కదా అని మనకు అనిపిస్తుంది. ఇక్కడ జరిగేది తిరగబడి ఉంటుంది, ఎందుకంటే ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ఇక రైఫిల్. నాన్నగారి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే ఆయన అనుకున్న చోట కాదు. రైఫిల్ నాణ్యత అనగానే అందరూ బ్యారెల్ వైపు చూస్తారు. లోపలి గాడులు సమంగా ఉండడం, తూటా కూర్చునే గది కొలత, గుండు బయటికి వచ్చే మూతి అంచు దెబ్బతినకుండా ఉండడం, ఇవన్నీ ముఖ్యమే. కానీ పాయింట్ టూ టూ తూటాది మెత్తని సీసపు గుండు, తక్కువ ఒత్తిడి. బాగా చూసుకుంటే బ్యారెల్ చాలా కాలం మన్నుతుంది. ఇరవై ఏళ్లు దానికి ముసలితనం కాదు. ఖరీదైన రైఫిల్ మనకు ఎక్కువగా ఇచ్చేది వేరే: శుభ్రంగా, ప్రతిసారీ ఒకే చోట తెగే ట్రిగ్గర్, చెంపకూ భుజానికీ చేతికీ మిల్లీమీటర్ల లెక్కన సర్దుకునే స్టాక్ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే భాగం), పిన్ త్వరగా పడడం. ఇవి గుండు కోసం కన్నా మనిషి కోసం. మీ ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం అని రాశారు. ఆ రైఫిల్ మీకు అమ్మినాయన ఎంత ఎత్తు? భుజానికి ఆనే బట్ ప్లేట్ ఆయన వదిలిన చోటే ఉందా? చెంప పెట్టే చెక్కను ఎప్పుడైనా కదిపారా? మీరు రాసింది చూస్తే ఎవరో వేసుకున్న చొక్కా రెండేళ్లుగా తొడుక్కున్నట్టుంది.

సరే, తేల్చే పద్ధతి. మూడు వేర్వేరు లాట్ల నుంచి ఒక్కో డబ్బా తీసుకోండి. ఆ సీనియర్ వాడిన రకం అందులో ఒకటి ఉంటే మంచిది. వీలైతే లాట్ నంబరుతో సహా. రైఫిల్ శుభ్రం చేయండి. తూటా గది ముందర సీసం, మసి కలిసి గట్టి వలయంలా పేరుకుంటుంది, రేంజ్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ చేత అది తీయించండి. యాక్షన్‌ను స్టాక్‌కు బిగించే మరలు వదులయ్యాయేమో కూడా ఆయన్నే చూడమనండి. గాలి లేవక ముందు, తెల్లవారి పూట వెళ్లండి. సెకనుకు ఒక్క మీటరు పక్కగాలి చాలు, గుండు ఆరు మిల్లీమీటర్లు జరుగుతుంది. అది చెంపకు తెలియనంత చిన్న గాలి. బల్ల మీద ఇసుక సంచులు వేసి, వాటి మీద రైఫిల్ ఆనించి కాల్చండి. డబ్బాలో ఉండేవి యాభై. మొదటి పది ఎక్కడ పడినా పట్టించుకోకండి: ఒక్కో కంపెనీ మైనపు పూత ఒక్కోలా ఉంటుంది, బ్యారెల్ కొత్త పూతకు అలవాటు పడాలి. మిగిలిన నలభైని పదేసి చొప్పున నాలుగు గ్రూపులు వేయండి. అయిదేసి కాల్చి సంబరపడకండి. అయిదు తూటాల గ్రూపు అబద్ధం చెప్పినంత హాయిగా ఇంకేదీ చెప్పదు. ప్రతి కాగితం మీద లాట్ నంబరు, తేదీ, టైము.

ఏదైనా ఒక లాట్‌తో నాలుగు గ్రూపులూ, రంధ్రాల మధ్య నుంచి మధ్యకు కొలిస్తే, 16 మిల్లీమీటర్లలోపు ఉన్నాయా? అయితే మీ రైఫిల్ ఆ తూటాతో పదులే కొట్టగలదు. నిలువు చెదురు ఒక లాట్‌తో ఉండి మరో లాట్‌తో మాయమైతే దొంగ దొరికినట్టే. బల్ల మీద బిగుతుగా వచ్చిన అదే లాట్, మీరు చేతికి స్లింగ్ పట్టీ వేసుకుని పడుకుని కాల్చినప్పుడు నిలువుగా చెదిరితే కోచ్ గెలిచారు, ఊపిరి మీద పని చేయండి. మూడు లాట్లతోనూ పాతిక మిల్లీమీటర్లు దాటుతుంటే అప్పుడు నాన్నగారి వైపు తిరుగుదాం. అప్పుడు కూడా కొత్త రైఫిల్ కన్నా ముందు బ్యారెల్ మూతిని, లోపలి గదిని పని తెలిసినవాళ్లకు చూపించాలి.

ఇక డబ్బు. మీ ముందు దారులు మూడు కనిపిస్తున్నాయి.

స్థలం అమ్మి కొత్త రైఫిల్ కొనవచ్చు. పాపం కాదు. కానీ కొత్త బ్యారెల్ కూడా తన లాట్‌ను తానే ఎంచుకుంటుంది, ఈ పరీక్షంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. దిగుమతి కాగితాలు, లైసెన్సులో నమోదు, కొత్త స్టాక్‌కు ఒళ్లు అలవాటు పడడం, ఇవన్నీ కలిసి ఒక సీజన్ మింగుతాయి. అన్నిటికన్నా చేదు నిజం, డబ్బంతా ఇనుములో పెట్టాక తూటాలకు మిగలదు. మంచి రైఫిల్‌లో దొరికిన తూటా వేసి కాల్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల స్కోర్లు మీ స్కోరులాగే ఉంటాయి, ఈఎంఐ మాత్రం అదనం.

నప్పిన లాట్‌ను లైసెన్సు పరిమితి ఒప్పుకున్నంత కొని పెట్టుకోవడం రెండో దారి. స్టాక్ సర్దుబాటు, ట్రిగ్గర్ సర్వీసు దాంతో పాటే. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా తెలుస్తుంది. చిక్కేమిటంటే ఆ లాట్ అయిపోయిన రోజున మళ్లీ వెతుకులాట. సగానికి వచ్చినప్పుడే తరవాతి లాట్ పరీక్ష మొదలుపెట్టాలి. పొదుపు కోసం ప్రాక్టీసుకు చవకవి, పోటీకి మంచివి అని విభజిస్తారు కొందరు. నిలబడి కాల్చేటప్పుడు, మోకాలి మీద కాల్చేటప్పుడు అది పరవాలేదు, అక్కడ మన ఊగిసలాటే ఎక్కువ. ప్రోన్‌లో మాత్రం పోటీకి మూడు వారాల ముందు నుంచైనా పోటీ తూటానే కాల్చండి, లేకపోతే సైట్ ఎక్కడుందో మీకే తెలియదు. ఒక ఉచిత సలహా: తూటాల పెట్టెను ఎండలో ఆగిన కారులో వదలకండి. మన మే నెల ఆ మైనపు పూతను వదిలిపెట్టదు.

మూడోది, మీరు అడిగినది, మానేయడం. మానేయాలనిపిస్తే మానేయండి, అది మీ ఇష్టం. కానీ ఆ కాగితం చూసి మాత్రం మానకండి. అది మీ గురించి ఏమీ చెప్పలేదు.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. మీది యాభై మీటర్ల ఆట. ఈ ఆటకు దగ్గర ఉదాహరణ కావాలంటే స్వప్నిల్ కుసాలే ఉన్నారు. 2024 పారిస్‌లో యాభై మీటర్ల త్రీ పొజిషన్స్‌లో, అంటే మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి కాల్చే పోటీలో, మనకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చారు. క్వాలిఫయింగ్‌లో ఏడో స్థానంలో ఫైనల్‌కు చేరి, కాంస్యం గెలిచారు. వాళ్ల నాన్నగారు అప్పు చేసింది తూటాల కోసమని అప్పట్లో వార్తల్లో వచ్చింది. స్థలం అమ్మే తండ్రికి ఈ తేడా అర్థమవుతుంది.

దాచిన కాగితం కూడా ఆయనకే ముందు చూపించండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు. ‘నాన్నా, ఈ రైఫిల్ బాగానే ఉందని ఇది చెబుతోంది, నాకు రెండు నెలలు టైమివ్వండి, మూడు డబ్బాల తూటాలు కొనివ్వండి’ అని అడగండి. కూతురు ఏదో ఒకటి అడిగిందన్న తృప్తి ఆయనకు దక్కుతుంది. స్థలం బేరం ఆగితే అన్నయ్య ఫోను దానంతటదే మోగవచ్చు, మోగకపోవచ్చు. ఆయన కోపం స్థలం మీదా, లేక మీ ఆట మీదా అన్నది ఉత్తరంలో తేలలేదు. ఆట మీదే అయితే అది వేరే ఉత్తరం.

ఇంకొక్కటి. ఆ సీనియర్‌ను మళ్లీ అడగండి. ఈసారి మీ రైఫిల్‌లో, మీ తూటాలే పది వేసి కాల్చమనండి. అదే ఉదయం ఆయన తూటాలు పది వేసి మీరు కాల్చండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపండి, లాట్ నంబర్లు కనిపించేలా.